కంట్లో పెట్టిన లెన్స్‌ను పట్టి ఉంచేది ఏమిటి?

శుక్లం ఆపరేషన్ చేయించుకోమంటే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్దవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "లోపల పెట్టిన బిళ్ళ జారిపోద్దేటి బాబూ?" చాలామంది దాన్ని కొట్టిపారేస్తారు. "ఏమీ కాదులే, ధైర్యంగా వెళ్ళు" అంటారు. అలా కొట్టిపారేయడం సరికాదు. ఈ భయంతోనే రెండో కంటి ఆపరేషన్‌ను ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్నవాళ్ళు ఉన్నారు. ఆపరేషన్ అయ్యాక నెల రోజులు వంగకుండా, దగ్గకుండా, కడుపునిండా తినకుండా బిగుసుకుపోయి కూర్చున్నవాళ్ళున్నారు. ఇంకోవైపు, లెన్స్ నిజంగానే జరిగినా "వయసు కదా, చూపు తగ్గుతుంది" అనుకుని ఊరుకున్నవాళ్ళూ ఉన్నారు.

సూటిగా చెప్పాలంటే, చాలా ఎక్కువ మందిలో లెన్స్ జారదు. పెట్టినచోటే జీవితాంతం ఉంటుంది. కొద్దిమందిలో మాత్రం జరుగుతుంది. వాళ్ళు ఎవరో, ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. లెన్స్ తనంతట తాను నిలబడదు. దాన్ని నిలబెట్టేది మన కంట్లోనే ఉన్న ఒక పల్చని సంచి, ఆ సంచిని వేలాడదీసిన దారాలు. లెన్స్ మంచిదా కాదా అని అడిగేవాళ్ళే అందరూ. సంచి, దారాలు ఎలా ఉన్నాయని అడిగేవాళ్ళు తక్కువ.

మనకు పుట్టుకతో వచ్చిన లెన్స్ సుమారు 9 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పు, 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాని చుట్టూ పారదర్శకమైన పొర ఒకటి సంచిలా ఉంటుంది. వెనకవైపు ఆ పొర మందం సుమారు 4 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఈ సంచి అంచు నుంచి వందల కొద్దీ సన్నని దారాలు బయలుదేరి చుట్టూ ఉన్న కండరపు వలయానికి అతుక్కుని ఉంటాయి. డాక్టర్లు వీటిని జోన్యూల్స్ అంటారు. నులక మంచం తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకటి రెండు పేటలు తెగినా మంచం మంచంలాగే ఉంటుంది. ఒకే పక్క పది పేటలు వదులైతే పడుకున్న మనిషి ఆ పక్కకు ఒరుగుతాడు. అన్ని పక్కలా వదులైతే మధ్యలో గుంట పడుతుంది. కంట్లో లెన్స్ ఒరగడం, పక్కకు జరగడం, కిందికి దిగడం అన్నీ ఇలాగే జరుగుతాయి.

ఇప్పటి ఆపరేషన్‌లో సంచిని తీసెయ్యరు. దాని ముందు పొరలో సుమారు 5 మిల్లీమీటర్ల గుండ్రని కిటికీ తెరిచి, లోపల ముదిరిన శుక్లాన్ని బయటికి తీసి, ఖాళీ అయిన అదే సంచిలో కొత్త లెన్స్ పెడతారు. కొత్త లెన్స్‌లో చూపునిచ్చే గుండ్రని భాగం సాధారణంగా 6 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని రెండు పక్కలా వంపు తిరిగిన చేతులుంటాయి. చేతులతో కలిపి కొలిస్తే 12 నుంచి 13 మిల్లీమీటర్లు. సంచి వెడల్పు అంతకంటే తక్కువ కాబట్టి, ఆ చేతులు సంచి గోడలను లోపలి నుంచి మెత్తగా నొక్కుతూ లెన్స్‌ను మధ్యలో నిలుపుతాయి. కిటికీ 5, లెన్స్ 6 అన్నది కూడా ఊరికే కాదు. కిటికీ అంచు లెన్స్ అంచు మీద చుట్టూ కొద్దిగా కప్పుకుని ఉంటే లెన్స్ ముందుకు రాదు. తర్వాత కొన్ని వారాల్లో సంచి ముందు పొర, వెనక పొర దగ్గరపడి ఒకదానికొకటి అంటుకుని లెన్స్‌ను బిగించేస్తాయి. అందుకే లెన్స్ కుదురుకోవడానికి కుట్లు, జిగురు ఏమీ అక్కర్లేదు. శరీరమే ఆ పని చేసుకుంటుంది.

ఈ ఏర్పాటు మొదటినుంచీ లేదు. ఇంగ్లండ్ డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ 1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో తొలిసారి మనిషి కంట్లో కృత్రిమ లెన్స్ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్ పైకప్పు పగిలి ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో దిగినా, కన్ను వాటిని పెద్దగా ఎదిరించకపోవడం ఆయన గమనించారు. అదే రకం ప్లాస్టిక్‌తో లెన్స్ చేయించారు. అయితే ఆ లెన్స్‌కు చేతులు లేవు, బరువూ ఎక్కువే. కొందరిలో అది జారిపోయింది. ఆయన్ను తోటి డాక్టర్లు తీవ్రంగా వ్యతిరేకించడానికి ఇదీ ఒక కారణం. ఆ తర్వాత దశాబ్దాల పాటు లెన్స్ తయారీలో జరిగిన పనిలో చాలా భాగం ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది: దీన్ని ఎక్కడ ఆనించాలి, ఎలా నిలపాలి? 1980లలో సంచి ముందు పొరను గుండ్రంగా, అంచు చిరగకుండా తెరిచే పద్ధతి వచ్చాకే ఆ చిక్కు చాలావరకు వీడింది.

ఉచిత లెన్స్, డబ్బు లెన్స్

మన వైపు గట్టిగా పాతుకుపోయిన అపోహ ఒకటి చెప్పాలి. క్యాంపులో ఉచితంగా వేసే లెన్స్ జారిపోతుందనీ, ప్రైవేటులో ముప్పై నలభై వేలు పెట్టి వేయించుకుంటే జారదనీ అనుకుంటారు. దీనికోసం అప్పు చేసే కుటుంబాలున్నాయి కాబట్టి కాస్త వివరంగానే చూద్దాం.

ఉచిత శిబిరాల ద్వారా చేసే ఆపరేషన్లలో చాలావరకు చిన్న కోతతో, కుట్టు లేకుండా చేసే ఎస్‌ఐసీఎస్ పద్ధతి. 6, 7 మిల్లీమీటర్ల కోత పెట్టి, మడత పడని గట్టి లెన్స్ పెడతారు. రిడ్లీ వాడిన ప్లాస్టిక్ జాతికే చెందిన పీఎంఎంఏతో చేసిన లెన్స్ ఇది. శుక్లాన్ని ధ్వని తరంగాలతో లోపలే నలగ్గొట్టి తీసే ఫేకో పద్ధతిలో కోత 3 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, మడతపెట్టిన మెత్తని లెన్స్ అందులోంచి వెళ్ళి లోపల విచ్చుకుంటుంది. ఫేకోలో గాయం త్వరగా మానుతుంది, కోత వల్ల వచ్చే సిలిండర్ సైటు తక్కువ. ఆ లాభాలు నిజమే. కానీ కుదురుగా నిలవడం విషయానికొస్తే, గట్టి లెన్స్ తీసికట్టేమీ కాదు. సంచి ముడుచుకుపోయేటప్పుడు ఆ ఒత్తిడిని గట్టి చేతులే బాగా తట్టుకుంటాయి. మెత్తని చేతులు కొన్నిసార్లు ఆ ఒత్తిడికి వంగిపోతాయి. మదురైలో 1992లో మొదలైన ఆరోలాబ్ లాంటి సంస్థలు ఇక్కడే లెన్స్‌లు తయారుచేసి ధర బాగా దించబట్టే పేదల కళ్ళలో కూడా లెన్స్ పెట్టడం సాధ్యమైంది. అంతకుముందు సంచితో సహా మొత్తం లెన్స్ తీసేసి, సోడాబుడ్డి అద్దాలు ఇచ్చి పంపేవారు. అరవై దాటిన వాళ్ళకు తమ అమ్మమ్మల, తాతల ముఖాల మీద ఆ అద్దాలు గుర్తుండే ఉంటాయి.

ఇంకో సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ధర పెరిగేకొద్దీ లెన్స్ కచ్చితంగా ఉండాల్సిన చోటే ఉండటం మరింత అవసరమవుతుంది. దూరపు చూపు మాత్రమే ఇచ్చే మామూలు లెన్స్ రెండు మూడు డిగ్రీలు ఒరిగినా, 0.2 లేదా 0.3 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా మనిషికి తెలియనే తెలియదు. అలాంటి చిన్న తేడాలు బాగా జరిగిన ఆపరేషన్లలోనూ ఉంటాయి. దూరానికీ దగ్గరికీ కలిపి చూపునిచ్చే మల్టీఫోకల్ లెన్స్ అర మిల్లీమీటరుకు మించి పక్కకు జరిగితే మాత్రం దీపాల చుట్టూ వలయాలు, మసక మొదలవుతాయి. సిలిండర్ సైటును కూడా సరిచేసే టోరిక్ లెన్స్ మరీ సున్నితం. దాన్ని ఒక నిర్ణీత కోణంలో పెట్టాలి. ఆ కోణం నుంచి ఒక్క డిగ్రీ తిరిగినా సరిచేసే శక్తిలో సుమారు 3.3 శాతం పోతుంది. పది డిగ్రీలు తిరిగితే మూడో వంతు, ముప్పై డిగ్రీలు తిరిగితే మొత్తం పోయినట్టే. ఇలా తిరగడం జరిగితే చాలావరకు మొదటి కొన్ని గంటల్లో, మొదటి రోజే జరుగుతుంది, ఎందుకంటే సంచి అప్పటికింకా బిగుసుకోదు. మొదటి రెండు వారాల్లో గుర్తిస్తే చిన్న ఆపరేషన్‌తో తిరిగి సరైన కోణానికి తిప్పవచ్చు. టోరిక్ వేయించుకున్నవాళ్ళు మర్నాటి పరీక్షను ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదనేది ఇందుకే.

లెన్స్ ముందుకో వెనక్కో కొద్దిగా కదలడం మాత్రం అందరిలోనూ ఉంటుంది. ఒక మిల్లీమీటరు తేడా వస్తే సైటు ఒక పాయింటుకు పైగా మారుతుంది. మామూలుగా అంత రాదు, అందులో కొద్ది భాగమే వస్తుంది. సంచి బిగుసుకునే వారాల్లో ఈ సర్దుబాటు సాగుతూ ఉంటుంది, కోత కూడా మానుతూ ఉంటుంది. అందుకే కళ్ళద్దాలు వెంటనే ఇవ్వకుండా నెల, నెలన్నర తర్వాత రాస్తారు. ఆలోపు చూపు రోజుకో రకంగా ఉన్నట్టు అనిపిస్తే లెన్స్ జారిపోతోందని టెన్షన్ పడనక్కర్లేదు.

దగ్గితే ఊడిపడుతుందా?

పడదు. దగ్గు, తుమ్ము, వంగి చెప్పులు తీసుకోవడం, గుంతల రోడ్డు మీద ఆటోలో ఊరికి వెళ్ళడం, గట్టి పదార్థాలు నమలడం, వీటిలో ఏదీ సంచిలో సరిగ్గా కుదిరిన లెన్స్‌ను కదిలించలేదు. డాక్టర్లు బరువులెత్తవద్దనీ, తలస్నానం వద్దనీ, కొన్నాళ్ళు చెరువు నీళ్ళు, దుమ్ము, పొగ తగలనివ్వవద్దనీ చెబుతారు. అవి ప్రధానంగా కోత మానడానికి, ఇన్‌ఫెక్షన్ రాకుండా ఉండటానికి చెప్పే జాగ్రత్తలు. వాటిని తప్పక పాటించాలి. తిండి విషయంలో పెట్టే పథ్యాలకు మాత్రం లెన్స్‌తో ఏ సంబంధమూ లేదు. ఆపరేషన్ అయిన పెద్దావిడకు పప్పు వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దని చారన్నం మీద ఉంచడం చూస్తే బాధేస్తుంది. గాయం మానాల్సిన సమయంలో మాంసకృత్తులు ఆపేస్తున్నామన్నమాట.

నిజంగా ప్రమాదమైనవి రెండే: కన్ను గట్టిగా నలపడం, కంటికి దెబ్బ తగలడం. రాత్రి నిద్రలో తెలియక నలపకుండా ఉండటానికే కంటి మీద ప్లాస్టిక్ మూత పెట్టుకోమంటారు. నల్లద్దాలు పగటి వెలుగు నుంచే కాకుండా చేతి నుంచి, దుమ్ము నుంచి కూడా కాపాడతాయి. కన్ను నలిపే అలవాటు ఆపరేషన్ తర్వాత మొదటి నెలకే కాదు, ఎప్పటికీ మంచిది కాదు. ఏళ్ళ తరబడి నలిపితే దారాలు బలహీనపడతాయి.

ఆపరేషన్ అయిన ఆర్నెల్లకో, రెండు మూడేళ్ళకో చూపు మళ్ళీ మసకబారితే ఇంట్లోవాళ్ళు రెండు మాటలంటారు: "శుక్లం మళ్ళీ పెరిగింది" లేదా "లెన్స్ జరిగింది". చాలాసార్లు రెండూ కాదు. లెన్స్ వెనక ఉన్న సంచి పొర మీద, మిగిలిపోయిన కణాలు పెరిగి అది మసకబారుతుంది. ఇది చాలా మామూలు సమస్య. కోత, కుట్టు ఏమీ లేకుండా యాగ్ లేజర్‌తో ఆ పొర మధ్యలో చిన్న దారి చేస్తే నిమిషాల్లో పని అయిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళలో రెటీనా, అంటే కంటి వెనకగోడ మీద బొమ్మ పడే పొర, మధ్యభాగంలో ఉబ్బడం వల్ల కూడా చూపు తగ్గుతుంది, దాని వైద్యం వేరు. ఆపరేషన్ అయిన కొత్తలో కొందరికి కంటి బయటి మూల వైపు నెలవంకలా నల్లని నీడ కనిపిస్తుంది. అది కూడా లెన్స్ జారిందని కాదు. లెన్స్ అంచు దగ్గర వెలుతురు పడే తీరు వల్ల వచ్చేది, చాలామందిలో క్రమంగా తగ్గిపోతుంది.

ఏళ్ళ తర్వాత జారేవి

అసలు జారడం రెండు రకాలు. ఆపరేషన్ అయిన కొత్తలో జారితే, సాధారణంగా ఆపరేషన్‌లోనే సంచి చిరిగి ఉంటుంది, లేదా లెన్స్ చేయి ఒకటి సంచిలో, ఒకటి సంచి బయట పడి ఉంటుంది. సంచి వెనక పొర చిరగడం అనుభవం ఉన్న సర్జన్ చేతిలో కూడా అప్పుడప్పుడూ జరుగుతుంది. అప్పుడు లెన్స్‌ను సంచి లోపల కాకుండా దాని ముందు భాగం మీద ఆనించి పెడతారు, అందుకు తగిన వేరే రకం లెన్స్ వాడాలి. అలా పెట్టిన లెన్స్ సంచిలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువగా జరిగే అవకాశం ఉంది. కాబట్టి "లెన్స్ సంచిలోనే పెట్టారా?" అని డిశ్చార్జి రోజు అడగటం రోగి హక్కు. సమాధానం తెలుగులో, కాగితం మీద ఇవ్వడం ఆస్పత్రి బాధ్యతని నా అభిప్రాయం. బస్సు ఎక్కే హడావిడిలో నలభై మందికి ఒకేసారి గట్టిగా చెప్పిన జాగ్రత్తలు ఎవరికి ఎంత చేరతాయి?

రెండో రకం ఏళ్ళ తర్వాత వచ్చేది. ఇందులో సంచి బాగానే ఉంటుంది, లెన్స్ దానిలోనే బిగుసుకుని ఉంటుంది, కానీ దారాలు ఒక్కొక్కటిగా వదిలేసి సంచి, లెన్స్ రెండూ కలిసి కిందికి దిగుతాయి. ఇది ఎంత అరుదంటే, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళను దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనంలో పదేళ్ళకు 0.1 శాతం, ఇరవై ఏళ్ళకు 0.7 శాతం, ఇరవై ఐదేళ్ళకు 1.7 శాతం మందిలో లెన్స్ జారినట్టు తేలింది. అంటే పదేళ్ళలో వెయ్యి మందికి ఒక్కరు. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ అంకె పెరగడం గమనించండి. యాభై ఏళ్ళకే ఆపరేషన్ చేయించుకుని ఎనభై దాటి బతికేవాళ్ళు పెరుగుతున్నారు కాబట్టి ఈ సంగతి ఇకముందు ఎక్కువగానే వింటాం.

ఎవరి దారాలు త్వరగా బలహీనపడతాయి? ఎక్కువ మైనస్ సైటు ఉన్నవాళ్ళు, రెటీనాకు ఇదివరకే ఆపరేషన్ అయినవాళ్ళు, కంట్లో పదేపదే వాపు వచ్చినవాళ్ళు, రేచీకటితో మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ళు. వీళ్ళతో పాటు కంటికి ఎప్పుడో దెబ్బ తగిలినవాళ్ళు. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడుతూ తగిలిన దెబ్బ, ఎద్దు కొమ్ము విసురు, జీడితోటలో కొమ్మ చాచి కొట్టడం లాంటివి నలభై ఏళ్ళ కిందటివని మనం మరిచిపోతాం, కానీ ఆ పక్క దారాలు అప్పుడే తెగి ఉండొచ్చు. ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు ఈ మాట చెప్పాలి. తెలిస్తే ఆయన సంచి లోపల ఒక సన్నని ప్లాస్టిక్ ఉంగరం పెట్టి, ఒత్తిడి చుట్టూ సమానంగా పడేలా చూస్తారు.

వీటన్నిటికంటే ముఖ్యమైన కారణం సూడోఎక్స్‌ఫోలియేషన్. పేరు భయపెట్టినా విషయం తేలికే. లెన్స్ మీద, కనుపాప అంచు మీద తెల్లని పొట్టులాంటి పదార్థం చేరుతుంది. అదే దారాల మీద కూడా చేరి వాటిని పెళుసు చేస్తుంది. ఫిన్లాండ్‌కు చెందిన జాన్ లిండ్‌బర్గ్ 1917లోనే దీన్ని వర్ణించారు. అయినా ఇది చలిదేశాల జబ్బేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన పెద్ద సర్వేలో నలభై దాటినవాళ్ళలో సుమారు 3 శాతం మందికి, అరవై దాటినవాళ్ళలో 6 శాతానికి పైగా ఇది కనిపించింది. ఆరుబయట ఎండలో పనిచేసేవాళ్ళలో ఎక్కువగా ఉంది. ఆ సర్వేలో మన రెండు జిల్లాలు లేవు. కానీ ఎండలో వరి నాట్లు, జీడితోటలు, సముద్రంలో వేట, ఉపాధి హామీ పనులతో బతికే ప్రాంతం మనది. కనుపాపను మందుతో పెద్దది చేసి స్లిట్‌ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపు కింద చూస్తే ఈ పొట్టు కనిపిస్తుంది. ఈ జబ్బుతో నీరుకాసులు (గ్లకోమా) కూడా వస్తాయి, కాబట్టి పట్టుకోవడం వల్ల రెండు లాభాలు.

ఇక మన చేతిలోనే ఉన్న కారణం ఒకటుంది. "శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరాక చేయించుకుందాం" అనే మాట. కోతలయ్యాక, సంక్రాంతి దాటాక, చలికాలంలో అంటూ ఏడాదికేడాది జరిగిపోతుంది. లెన్స్ లేని పాత రోజుల్లో, ఆపరేషన్ ప్రమాదకరంగా ఉన్నప్పుడు, చూపు పూర్తిగా పోయేదాకా ఆగడంలో అర్థం ఉండేది. ఇప్పుడు దానికి పూర్తిగా విరుద్ధం. అతిగా ముదిరిన శుక్లం ఉబ్బుతుంది లేదా లోపల కరిగి పాలలా అవుతుంది, సంచి పెళుసవుతుంది, దారాలు బలం కోల్పోతాయి. గోధుమ రంగుకు తిరిగి గట్టిపడిన శుక్లాన్ని తీయడానికి ఎక్కువ బలం వాడాలి, ఆ బలం దారాల మీదే పడుతుంది. కొందరికి కంటి పీడనం ఒక్కసారిగా పెరిగి, భరించలేని నొప్పితో రాత్రికి రాత్రి ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తుంది. చూపు రోజువారీ పనులకు అడ్డు వస్తోందంటే అదే సమయం. కాలం ఏదైనా ఫర్వాలేదు, ఎండాకాలంలో చేసిన ఆపరేషన్ కూడా చలికాలంలో చేసినంత బాగానే మానుతుంది.

లెన్స్ పక్కకు జరిగిందని ఎలా తెలుస్తుంది? ఒక కన్ను మూసుకుని ఆపరేషన్ అయిన కంటితో మాత్రమే చూసినప్పుడు వస్తువు రెండుగా కనిపించడం, చూపులో ఒక వంపు గీత అడ్డుగా ఉన్నట్టు అనిపించడం, తల కదిపితే దృశ్యం వణకడం, బాగున్న చూపు ఒక్క రోజులో మసకైపోయి ఎక్కువ పవర్ అద్దం పెడితేనే కనిపించడం. ఇవి ఉంటే వారంలోపే చూపించుకోవాలి. మెరుపులు మెరవడం, నల్లని చుక్కల వాన, తెర దించినట్టు చూపు ఒక పక్క నుంచి మూసుకుపోవడం ఉంటే అదే రోజు వెళ్ళాలి, అవి రెటీనా ఊడుతున్న గుర్తులు కావచ్చు. ఎర్రబడి నొప్పి పుట్టినా అంతే.

జారిన లెన్స్‌కు వైద్యం లేకపోలేదు. కొద్దిగా జరిగి చూపు బాగానే ఉంటే ముట్టుకోకుండా గమనిస్తారు. ఎక్కువ జరిగితే సంచితో సహా కంటి తెల్లగోడకు కుడతారు, లేదా తీసి వేరే లెన్స్ పెడతారు. సంచి ఆసరా అసలే లేనప్పుడు లెన్స్ చేతులను తెల్లగోడలోనే ఇమిడ్చి జిగురుతో మూసే పద్ధతిని 2007లో చెన్నై డాక్టర్ అమర్ అగర్వాల్ ప్రవేశపెట్టారు. జపాన్ డాక్టర్ షిన్ యమానే సూదుల సాయంతో లెన్స్ చేతులను బయటికి తెచ్చి, కొసలను వేడితో చిన్న గుండీలా చేసి నిలిపే పద్ధతిని 2017లో ప్రచురించారు, దానికి జిగురూ కుట్టూ అక్కర్లేదు. నల్లగుడ్డు పొరకే పట్టుకునే లెన్స్ ఇంకొకటి. లెన్స్ పూర్తిగా కంటి వెనక భాగంలోకి పడిపోతే రెటీనా సర్జన్ తీయాలి. మన జిల్లాల నుంచి అలాంటి కేసులు చాలావరకు విశాఖకే వెళ్తాయి.

ఆ రోజు అక్కడి డాక్టరుకు అన్నిటికంటే పనికొచ్చేది ఒక చిన్న కాగితం: లెన్స్ కార్డు. ఏ కన్ను, ఏ తేదీ, ఏ కంపెనీ, ఏ మోడల్, ఎంత పవర్ అన్నీ దాని మీద స్టిక్కర్‌గా ఉంటాయి. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనికి వెళ్ళినప్పుడు ఆపరేషన్ చేయించుకుని ఊరికి తిరిగొచ్చినవాళ్ళు మన దగ్గర చాలామంది, పాత ఆస్పత్రి ఫైలు ఇక్కడ దొరకదు. కార్డును ఆధార్, రేషన్ కార్డులున్న కవరులోనే పెట్టండి. ఫోటో తీసి పిల్లల ఫోన్లకు పంపండి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఇదివరకే ఆపరేషన్ అయి ఉండి కార్డు కనిపించకపోతే, చేసిన ఆస్పత్రికి వెళ్ళి నకలు అడగండి.